పికప్ ట్రక్కులు: తమలో తమకు పోలిక, చిన్న స్పోర్ట్స్ కార్లతో పోలిక

పికప్ ట్రక్కు అంటే ముందు మనుషులు కూర్చునే క్యాబిన్, వెనక పైకప్పు లేని సరుకు తొట్టి ఉండే తేలికపాటి వాహనం. అమెరికా, ఆస్ట్రేలియా, థాయిలాండ్ వంటి దేశాల్లో అది పొలం పనికీ ఇంటి వాడకానికీ కూడా మామూలు బండి. అమెరికాలో 1977 నుంచి అత్యధికంగా అమ్ముడవుతున్న ట్రక్కు ఫోర్డ్ ఎఫ్-సిరీస్. నేలకు దగ్గరగా, ఇద్దరికే చోటుతో, మలుపుల్లో చురుగ్గా తిరిగేలా చేసిన మాజ్డా ఎంఎక్స్-5 లాంటి చిన్న స్పోర్ట్స్ కారుకూ పికప్పుకూ పొంతన లేదనిపిస్తుంది. అయినా ఈ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి పరుగు పెట్టించడం అమెరికా మోటారు పత్రికలకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఆ పరీక్షలు ఎక్కువగా ఖాళీ తొట్టితో, తిన్నని రోడ్డు మీద జరుగుతాయి. ట్రక్కు గురించి తెలుసుకోవాల్సినవి మాత్రం తొట్టి నిండినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, బ్రేకు మీద కాలు పడ్డప్పుడు బయటపడతాయి.

పుట్టుక

కంపెనీలో తొట్టి బిగించి అమ్మిన తొలి పికప్పుల్లో పేరున్నది ఫోర్డ్ మోడల్ టి. 1925 ఏప్రిల్‌లో 281 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అంతకు ముందు రైతులు కారు కొని, వెనక చెక్కపెట్టె కట్టించుకునేవారు. ఎఫ్-సిరీస్ 1948లో మొదలైంది.

ఆస్ట్రేలియాలో కథ మరోలా నడిచింది. ఆదివారం చర్చికి వెళ్లడానికీ, సోమవారం పందులను సంతకు తోలడానికీ ఒకే బండి కావాలని విక్టోరియా రాష్ట్రపు రైతు భార్య ఒకరు ఫోర్డ్‌కు ఉత్తరం రాశారని అక్కడ చెప్పుకుంటారు. జీలాంగ్ ఫ్యాక్టరీలో లూ బ్యాంట్ గీసిన నమూనాతో 1934లో కూపే కారుకే తొట్టి కలిపిన బండి తయారైంది. దాన్నే యూట్ అంటారు. ట్రక్కుగా పుట్టిన పికప్పు, కారు నుంచి పుట్టిన పికప్పు అనే రెండు వంశాలు ఇలా ఏర్పడ్డాయి. ఏ రెండు పికప్పులను పోల్చినా ముందుగా చూడాల్సింది అవి ఏ వంశానివన్నదే.

నిర్మాణం

ట్రక్కు వంశంలో కింద నిచ్చెన ఆకారపు ఉక్కు ఛాసీ ఉంటుంది. క్యాబిన్‌నూ తొట్టినీ దాని మీద విడివిడిగా బిగిస్తారు. తొట్టిలో ఎంత బరువు పడినా ఆ ఒత్తిడిని ఛాసీ మోస్తుంది. వెనక చక్రాలు రెండింటినీ కలిపే గట్టి యాక్సిల్, దాన్ని పట్టుకుని కమాన్ పట్టీలు. లోడు పెరిగేకొద్దీ కింది పట్టీలు కూడా పనిలోకి వచ్చి స్ప్రింగు గట్టిపడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఇదే గుణం ఇబ్బంది పెడుతుంది. టన్ను బరువు కోసం కట్టిన పట్టీల మీద ఏమీ లేనప్పుడు, స్పీడ్ బ్రేకర్ దాటగానే వెనక భాగం ఎగిరి పడుతుంది. తడి రోడ్డు మీద వెనక టైర్లకు పట్టు చాలక బండి పక్కకు జారుతుంది. మంచు కురిసే రాష్ట్రాల్లో చలికాలమంతా తొట్టిలో ఇసుక బస్తాలు వేసుకుని తిరిగేది ఇందుకే.

కారు వంశంలో ఛాసీ, బాడీ ఒకటే పెట్టెగా ఉంటాయి. హోండా రిడ్జ్‌లైన్, ఫోర్డ్ మావెరిక్, హ్యుందాయ్ శాంటా క్రూజ్ ఈ రకం. ఇవి కారులా మెత్తగా నడుస్తాయి, లాగే బరువు తక్కువ.

పికప్పుకూ పికప్పుకూ పోలిక

అమెరికాలో పెద్ద పికప్పుల పోటీ ప్రధానంగా ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, రామ్ 1500 మధ్య. మూడూ అర టన్ను తరగతి. ఇది పాత లెక్క ప్రకారం నిలిచిపోయిన పేరే, ఇప్పుడు అవన్నీ అంతకన్నా ఎక్కువే మోస్తాయి. ఫోర్డ్ 2015 మోడల్ నుంచి బాడీని అల్యూమినియంతో చేసి, బండి బరువు 318 కిలోల దాకా తగ్గించింది. తగ్గిన ప్రతి కిలో సరుకుకు మిగులుతుంది కాబట్టి ఇది మంచి ఇంజినీరింగ్. మరుసటి ఏడాది షెవర్లే ఆ తొట్టిలో సిమెంటు దిమ్మెలు కుమ్మరించి చిల్లులు పడటం చూపిస్తూ ప్రకటన తీసింది. 2019 సిల్వరాడోకు వచ్చేసరికి తొట్టి ఉక్కుదే ఉంచినా, తలుపులూ బానెట్టూ వెనక డాలా అల్యూమినియంతోనే చేసింది. రామ్ వేరే దారి పట్టింది. 2009 మోడల్‌లో వెనక కమాన్ పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టింది. ఖాళీగా నడిపితే మూడింటిలో సుఖమైనదని పేరు తెచ్చుకుంది కానీ, బరువు వేస్తే వెనక భాగం మిగతా రెండింటికన్నా ఎక్కువ కుంగుతుంది.

ఒకప్పుడు ట్రెయిలర్ లాగే సామర్థ్యాన్ని ప్రతి కంపెనీ తనకు నచ్చిన పద్ధతిలో కొలిచి ప్రకటించుకునేది. 2008లో వచ్చిన జె2807 ప్రమాణం దీనికి ముకుతాడు వేసింది. దాని ప్రకారం బండి ఏసీ వేసుకుని, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తు రోడ్డును, ట్రెయిలర్‌తో, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కాలి. టయోటా ముందుగా ఒప్పుకుంది, అమెరికా కంపెనీలు మూడూ ఆ తర్వాత వచ్చాయి.

అయినా ప్రకటనల్లో కనిపించే లాగుడు అంకెను నమ్మి బండి కొనకూడదు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల చిన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత బరువు దాటకూడదని అందులో కిలోల్లో, పౌండ్లలో రాసి ఉంటుంది. ఆ అంకె ఆ ఒక్క బండికే చెందుతుంది. అదే మోడల్‌లో సన్‌రూఫ్, నాలుగు చక్రాల డ్రైవ్, తోలు సీట్లు ఉన్న బండికి అది వంద కిలోలకు పైగా తగ్గవచ్చు. ఒక బండి స్టిక్కర్ మీద 700 కిలోలు ఉందనుకుందాం. 3,200 కిలోల ట్రెయిలర్ తగిలిస్తే, దాని బరువులో సుమారు ఎనిమిదో వంతు, అంటే 400 కిలోలు, కొక్కెం మీదుగా బండి మీదే పడుతుంది. మిగిలేది 300 కిలోలు. 75 కిలోల మనుషులు నలుగురు ఎక్కితే లెక్క సరి, తొట్టిలో ఒక్క సంచీకి కూడా చోటు లేదు. ప్రకటనలో ఐదు టన్నులు లాగుతుందన్న బండి కూడా ఈ లెక్క దగ్గరే ఆగిపోతుంది.

టయోటా టకోమా, ఫోర్డ్ రేంజర్ లాంటి మధ్య తరహా బండ్లలో ప్రపంచానికి బాగా తెలిసిన టయోటా హైలక్స్ అమెరికాలో దొరకదు. అందుకు ఒక కారణం కోళ్లు. 1960ల మొదట్లో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. బదులుగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశారు. 1964లో అమల్లోకి వచ్చిన ఆ సుంకం కోళ్ల గొడవ సమసిపోయినా పోలేదు. దాన్ని తప్పించుకోవడానికి సుబారు కంపెనీ బ్రాట్ అనే చిన్న పికప్పు తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ప్రయాణికుల బండిగా అమెరికాకు పంపింది.  పెద్ద పికప్పుల్లో బయటి పోటీ తక్కువగా ఉండటానికి ఈ సుంకం ముఖ్య కారణం.

చిన్న స్పోర్ట్స్ కారుతో పోలిక

1991లో జీఎంసీ సైక్లోన్ అనే చిన్న పికప్పు వచ్చింది. 4.3 లీటర్ల వీ6 ఇంజిన్‌కు టర్బో, నాలుగు చక్రాలకూ డ్రైవ్, 280 హార్స్‌పవర్. కార్ అండ్ డ్రైవర్ పత్రిక ఆ ఏడాది సెప్టెంబరు సంచికలో దాన్ని ఫెరారీ 348తో పరుగు పెట్టించింది. పావు మైలు దూరాన్ని సైక్లోన్ 14.1 సెకన్లలో, ఫెరారీ 14.5 సెకన్లలో ముగించాయి. సైక్లోన్ ధర ఫెరారీ ధరలో సుమారు ఐదో వంతు. అయితే గీత దాటేటప్పుడు ఎక్కువ వేగంతో ఉన్నది ఫెరారీయే. మొదటి అడుగుల్లో నాలుగు చక్రాల పట్టుతో సైక్లోన్ సంపాదించిన ఆధిక్యమే చివరిదాకా నిలిచింది. ఇంకో సంగతి, సైక్లోన్ మోయగల బరువు 227 కిలోలు. అంటే ముగ్గురు మనుషుల బరువు, అంతే. రోడ్డు దిగి నడపవద్దని కంపెనీయే చెప్పింది. స్పోర్ట్స్ కారును ఓడించడానికి అది ట్రక్కు పనులన్నీ వదులుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత వైపర్ కారు వీ10 ఇంజిన్ పెట్టిన డాడ్జ్ రామ్ ఎస్ఆర్‌టీ-10, 2004లో గంటకు 248 కిలోమీటర్లకు పైగా వేగంతో రికార్డు సృష్టించింది. 2006లో ఆస్ట్రేలియాలోని వూమెరాలో హోల్డెన్ మలూ 271.44 కిలోమీటర్లు అందుకుని ఆ రికార్డును దాటింది. మలూ యూట్ వంశానిది, కింద ఉన్నది కమొడోర్ కారే.

నేటి ఎఫ్-150లో 400 హార్స్‌పవర్ టర్బో ఇంజిన్ ఉన్నది సున్నా నుంచి 96 కిలోమీటర్ల వేగాన్ని ఐదున్నర సెకన్లకు అటూ ఇటూగా అందుకుంటుంది. 181 హార్స్‌పవర్ ఎంఎక్స్-5దీ దాదాపు అదే సమయం. ఈ ఒక్క అంకె చూస్తే రెండూ సమానం. మలుపు రాగానే లెక్క మారుతుంది. ఎంఎక్స్-5 బరువు 1,060 కిలోల చుట్టుపక్కల, ఎఫ్-150 దానికి రెట్టింపు పైనే. ఒకే వేగంలో రెట్టింపు బరువును ఆపాలంటే బ్రేకులు రెట్టింపు వేడిని దిగమింగాలి. టైరు మీద బరువు రెట్టింపైనా పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. ఎత్తైన బండి మలుపులో బయటి చక్రాల మీదికి ఒరిగి, లోపలి టైర్ల పట్టు వృథా అవుతుంది. ఎంఎక్స్-5లో బరువు ముందూ వెనకా సరిసమానంగా పంచి ఉంటుంది, కూర్చున్న మనిషి నడుము నేలకు దగ్గరగా ఉంటుంది. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో కనిపించిన తొలి మోడల్‌కు 116 హార్స్‌పవరే ఉండేది. నేటి మామూలు పికప్పులు కూడా తిన్నని రోడ్డు మీద దాన్ని వెనక్కి నెడతాయి, కొండదారిలో మాత్రం వెనక పడతాయి.

పల్టీ కొట్టే ముప్పును అంచనా వేయడానికి అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒక సులువైన కొలత వాడుతుంది. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని బండి గరిమనాభి ఎత్తుతో భాగించడమే. కార్లకు ఇది ఎక్కువగా 1.3 నుంచి 1.5 వరకు, పికప్పులు, ఎస్‌యూవీలు, వ్యాన్లకు 1.0 నుంచి 1.3 వరకు వస్తుంది. అంకె ఎంత తక్కువైతే పల్టీ కొట్టే ముప్పు అంత ఎక్కువ.

విద్యుత్ పికప్పులు ఈ పోలికను కొంత తిరగరాశాయి. 2021 సెప్టెంబరులో తయారీ మొదలైన రివియన్ ఆర్1టీ, నాలుగు మోటార్లతో మూడు సెకన్ల చిల్లరలో 96 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. సైక్లోన్‌లా కాక సుమారు 800 కిలోలు మోస్తుంది, ఐదు టన్నుల దాకా లాగుతుంది. కానీ దాని సొంత బరువే 3,200 కిలోలు దాటుతుంది, అంటే మూడు ఎంఎక్స్-5ల బరువు. ట్రెయిలర్ తగిలిస్తే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం సగానికి దగ్గరగా పడిపోతుంది. 2023 నవంబరులో టెస్లా, తన సైబర్‌ట్రక్ ఒక పోర్షే 911ను లాగుతూనే మరో 911ను ఓడించినట్టు వీడియో చూపింది. పావు మైలు పందెంగా చెప్పినా, అది ఎనిమిదో వంతు మైలు దగ్గరే ముగిసిందని తర్వాత తేలింది.

రెండింటి నడుమ ఉన్నవి

చిన్న కారు నుంచే పికప్పు చేసే ప్రయత్నాలూ జరిగాయి. 1982 నుంచి 1984 వరకు వచ్చిన డాడ్జ్ రాంపేజ్ చార్జర్ అనే చిన్న స్పోర్టీ కారుకు అన్నదమ్ముల బండి. 2.2 లీటర్ల ఇంజిన్‌తో, ముందు చక్రాల డ్రైవ్‌తో అర టన్ను దాకా మోసేది. నా దృష్టిలో సైక్లోన్ కన్నా తెలివైన బండి ఇదే, కానీ కొన్నవారు తక్కువ. ఈ ఆలోచన ఇప్పుడు మావెరిక్ రూపంలో నిలదొక్కుకుంది. 2025లో వచ్చిన మావెరిక్ లోబోలో ఎత్తు తగ్గించి, వెనక చక్రాలకు మలుపును బట్టి బలం పంచే ఏర్పాటు చేశారు.

ఇంధనం, పాదచారుల భద్రత

పికప్పు అనగానే పెట్రోలు తాగే బండి అనుకోనక్కర్లేదు. మావెరిక్ హైబ్రిడ్ వచ్చిన కొత్తలో అమెరికా అధికారిక కొలతలో లీటరుకు దాదాపు 15.7 కిలోమీటర్లు ఇచ్చింది, ఎంఎక్స్-5 ఇచ్చేది సుమారు 12.3. ఇంధనం సంగతి అలా ఉంచితే, పెద్ద పికప్పుల బానెట్టు ఎత్తు రోడ్డు మీద నడిచేవారికి ప్రాణసంకటం. అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2023లో ఒక అధ్యయనం ప్రచురించింది. 102 సెంటీమీటర్లకు పైగా బానెట్టు ఎత్తున్న వాహనం ఢీకొంటే, తక్కువ ఎత్తుతో ఏటవాలుగా ఉన్న వాహనంతో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని తేల్చింది. బిడ్డలు ఆడుకునే వీధిలో ఉండేవారు పరుగు సెకన్ల కన్నా ముందు ఈ అంకె చూడాలి.

తెలుగు నేల మీద

ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్పు తయారయ్యేది ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో. ఆ ఫ్యాక్టరీ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. హైలక్స్ 2022లో భారత మార్కెట్లోకి వచ్చింది.  మన ఊళ్లలో మాత్రం సరుకు మోసే పని చేసేది మహీంద్రా బొలెరో పికప్పు. మదనపల్లె మార్కెట్‌కు టమాటా పెట్టెలు, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసే బండ్లలో అదీ ఒకటి. దాని వేగం, సుఖం, భద్రత అమెరికా పికప్పులతో సమానం కావు. కానీ దాని 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ బలం 75 హార్స్‌పవరే అయినా, పెద్ద మోడల్‌కు కంపెనీ అనుమతించిన లోడు 1,700 కిలోలు.