ఫస్ట్ ఫోలియోను జల్లెడ పట్టిన యంత్రం

షేక్‌స్పియర్ పోయిన ఏడేళ్లకు, 1623లో, ఆయన నాటకాలు 36 ఒకే సంపుటంగా లండన్‌లోని జాగర్డ్ అచ్చుకూటం నుంచి వెలువడ్డాయి. ఫస్ట్ ఫోలియో అని పేరుపడ్డ ఆ పుస్తకంలో ‘మాక్‌బెత్’, ‘టెంపెస్ట్’ సహా 18 నాటకాలు తొలిసారి అచ్చుకెక్కాయి.

ఆ ముద్రణలోని ప్రతులన్నీ ఒక్కలా ఉండవు. అప్పట్లో ఒక పక్క అచ్చు నడుస్తుండగానే మరో పక్క ప్రూఫు దిద్దేవారు. తప్పు దొరికితే ప్రెస్సు ఆపి, టైపు మార్చి, మళ్లీ మొదలుపెట్టేవారు. కాగితం ఖరీదైనది కాబట్టి అప్పటికే తప్పుతో అచ్చయిన కాగితాలను పారేయక, దిద్దినవాటితో కలిపే కుట్టేసేవారు. తాటాకు ప్రతుల్లో పాఠభేదాలు తెలుగు పరిష్కర్తలకు కొత్త కావు గానీ, ఒకే అచ్చులో పాఠభేదాలంటే కాస్త వింతే.

ఈ తేడాలను పట్టే పనికి పూనుకున్నవాడు చార్ల్‌టన్ హిన్మన్. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1941లో డాక్టరేట్ పొంది, యుద్ధకాలంలో అమెరికా నౌకాదళంలో రహస్యలిపులు విప్పే పని చేశాడు. ఆ తర్వాత వాషింగ్టన్‌లోని ఫోల్జర్ గ్రంథాలయంలో కూర్చున్నాడు. ఫోలియో ప్రతులు 82 అక్కడే ఉన్నాయి. ఇంతటి రాశి మరెక్కడా లేదు.

కళ్లతో పోల్చుకుంటూ పోతే జీవితం చాలదని హిన్మన్ ఒక యంత్రం కట్టాడు. రెండు ప్రతుల్లో ఒకే పుట తెరిచి చెరోవైపు పెడితే, అద్దాల ఏర్పాటు వల్ల రెండూ ఒకేచోట కనిపిస్తాయి. దీపాలు వంతులవారీగా వెలిగి ఆరుతుంటాయి. తేడా లేకుంటే పుట నిలకడగా ఉంటుంది. ఒక్క కామా మారినా ఆ చోటు మాత్రం మినుకుమంటూ కదులుతుంది.

ఇలా 50కి పైగా ప్రతులు పోల్చి, విరిగిన టైపు అక్షరాలు ఏయే పుటల్లో మళ్లీ తేలాయో వెంటాడి, 1963లో రెండు సంపుటాలు వెలువరించాడు. దొరికిన దిద్దుబాట్లలో చాలావరకు అల్పమైనవే. అసలు విలువైన ఫలితం వేరు. 12 పుటల మడతలో కూర్పు ఒకటో పుటతో మొదలయ్యేది కాదు. ముందు 6, 7 పుటలు, తర్వాత 5, 8, అలా బయటికి. కాబట్టి ఏ పుటలో ఎంత పడుతుందో కంపోజిటర్లు ముందే లెక్కకట్టాలి. లెక్క తప్పి చోటు చాలకపోతే పద్యాన్ని గద్యంలా ఇరికించేవారు, మిగిలితే గద్యాన్ని పాదాలుగా సాగదీసేవారు. కవి హృదయం అని పండితులు వాదులాడుకున్న పాదవిభజనలో కొంత ఈ కాగితపు ఇబ్బందే.

తర్వాత కాన్సస్ విశ్వవిద్యాలయంలో బోధిస్తూనే, 1968లో ఫోలియోకు ఛాయాముద్రణ తెచ్చాడు. 30 ప్రతుల నుంచి మేలైన పుటలు ఏరి కూర్చినది అది. 1623లో ఆ పుస్తకం కొన్నవారెవరి చేతికీ అచ్చం అలాంటి ప్రతి అంది ఉండదు.