టికెట్టు లేని ఉపన్యాసం

లండన్‌లో పుస్తకాలకు బైండు కట్టే దుకాణంలో పని నేర్చుకుంటున్న మైఖేల్ ఫారడేకు 1810 ప్రాంతంలో ఒక కబురు తెలిసింది. జాన్ టాటమ్ అనే వెండిపనివాడు తన ఇంట్లోనే సాయంత్రం పూట సైన్సు ఉపన్యాసాలు ఇస్తున్నాడు. రుసుము ఒక్కోదానికి షిల్లింగు. ఫారడే కమ్మరి కొడుకు, చేతిలో డబ్బు లేదు. అన్న రాబర్ట్ ఇచ్చిన షిల్లింగులతో వెళ్లి విన్నాడు. 1812లో దుకాణానికి వచ్చే విలియమ్ డాన్స్ అనే ఖాతాదారు, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఇచ్చే నాలుగు ఉపన్యాసాలకు అతనికి టికెట్లు ఊరికే ఇచ్చాడు. ఫారడే విన్నదంతా రాసుకుని, బొమ్మలు వేసి, తానే బైండు కట్టి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది అక్కడే ప్రయోగశాల సహాయకుడయ్యాడు. 1831లో, తీగచుట్టలో అయస్కాంతాన్ని కదిపితే కరెంటు పుడుతుందని నిరూపించాడు. ఇవాళ శ్రీశైలంలో నీటితో, రామగుండంలో బొగ్గుతో తిరిగే జనరేటర్లు ఆ సూత్రం మీదే పనిచేస్తున్నాయి.

ఆ టికెట్లు ఒక మనిషి మంచితనం వల్ల దొరికాయి. డాన్స్ ఆ వారం దుకాణానికి రాకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఎవరి దయతోనూ పని లేకుండా, వినాలనుకున్న ప్రతివాడూ లోపలికి వెళ్లగల సభ ఎలా పుట్టింది, దాని ఖర్చు ఎవరు భరించారు అన్నది నా దృష్టిలో విజ్ఞాన చరిత్రలో చాలా ముఖ్యమైన అధ్యాయం. శాస్త్రవేత్తల జీవితకథలు బోలెడు చదువుతాం, వాళ్లు కూర్చుని విన్న కుర్చీల గురించి ఎవరూ రాయరు.

ఊరికే వినడం మనకు కొత్తేమీ కాదు. గుడి మంటపంలో పురాణ కాలక్షేపానికీ, వీధి పందిట్లో హరికథకూ మన ఊళ్లలో ఎవరూ టికెట్టు పెట్టలేదు. అయితే ఆ మంటపం అందరిదీ కాదు. కులం పేరుతో బయటే నిలబెట్టినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పైగా అక్కడ వినేది తెలిసిన కథే. తెలియని విషయాన్ని, ఇంకా తేలని విషయాన్ని తెచ్చి నలుగురి ముందు పెట్టడం వేరే సంప్రదాయం.

ఆ సంప్రదాయానికి బాగా పాత చిరునామా లండన్‌లోని గ్రెషమ్ కాలేజీ. సర్ థామస్ గ్రెషమ్ ఎలిజబెత్ రాణి కాలపు పెద్ద వర్తకుడు. రాణికి అప్పులు కుదిర్చి పెట్టినవాడు, లండన్‌లో వర్తకులు కలుసుకునే రాయల్ ఎక్స్చేంజ్ భవనం కట్టించినవాడు. 1579లో చనిపోయాడు. ఆ ఎక్స్చేంజ్‌లోని అంగళ్ల అద్దెలతో ఏడుగురు ఆచార్యులను నియమించి, బిషప్స్‌గేట్‌లోని తన సొంత ఇంట్లో జనానికి ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పించాలని వీలునామా రాశాడు. భార్య బతికున్నంత కాలం ఇల్లు ఆమెది. ఆమె 1596లో పోయాక, 1597లో ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఖగోళం, జ్యామితి, వైద్యం, న్యాయం, సంగీతం, అలంకారశాస్త్రం, మతతత్త్వం అనే ఏడు విషయాలు. ఆచార్యుడికి ఏడాదికి 50 పౌన్లు. అది అప్పట్లో మంచి జీతం.

ఏర్పాటులో రెండు సంగతులు నాకు గొప్పగా కనిపిస్తాయి. ఒకటి, భాష. పొద్దున లాటిన్‌లో చెప్పిన ఉపన్యాసాన్ని మధ్యాహ్నం ఇంగ్లీషులో మళ్లీ చెప్పాలి. విశ్వవిద్యాలయాల్లో చదువంతా లాటిన్‌లో సాగిన రోజుల్లో ఓడల కెప్టెన్లకూ, పరికరాలు చేసేవాళ్లకూ, గుమాస్తాలకూ వాళ్ల ఇంటి భాషలో జ్యామితి చెప్పారు. తొలి సంగీతాచార్యుడు జాన్ బుల్‌కు లాటిన్ రాదు, అందుకని ఇంగ్లీషులోనే చెప్పేందుకు అతనికి అనుమతి ఇచ్చారు. రెండోది, డబ్బు. అద్దెలు వసూలు చేసి ఉపన్యాసాలు నడిపించే బాధ్యత సగం లండన్ నగరపాలక సంస్థకు, సగం మెర్సర్స్ అనే బట్టల వర్తకుల సంఘానికి అప్పగించాడు. మాట్లాడేవాడు మెప్పించాల్సిన దాత కాటికి పోయాడు, రాజుగారి ఖజానాతో నిమిత్తం లేదు. ఆచార్యుడికి అంత స్వేచ్ఛ ఆ కాలంలో ఇంకెక్కడా దొరకడం కష్టం.

ఫలితాలు త్వరగానే వచ్చాయి. తొలి జ్యామితి ఆచార్యుడు హెన్రీ బ్రిగ్స్ 1615లో స్కాట్లాండ్ వెళ్లి జాన్ నేపియర్‌ను కలిశాడు. వాళ్ల మాటల్లోంచే, పది ఆధారంగా మనం బళ్లో నేర్చుకున్న లాగరిథమ్స్ తయారయ్యాయి. 1660 నవంబర్ 28న ఖగోళాచార్యుడు క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం అయ్యాక ఆయనతో కలిపి పన్నెండుమంది అక్కడే ఆగి మాట్లాడుకున్నారు. ఆ కూటమే రాయల్ సొసైటీ అయింది. రాబర్ట్ హుక్ 1665 నుంచి 1703లో చనిపోయేవరకూ అక్కడే జ్యామితి ఆచార్యుడు.

తర్వాతి శతాబ్దంలో అదే కాలేజీ నీరసించిపోయింది. జీతం ఖాయం, అడిగేవాడు లేడు. ఆచార్యులు శ్రద్ధ తగ్గించారు, జనం రావడం మానేశారు. 1768లో ఇల్లు ఎక్సైజు కార్యాలయానికి పోయింది. డబ్బు స్వేచ్ఛనిస్తుంది కానీ సభను బతికించదు. వచ్చి కూర్చుని నిలదీసేవాళ్లు కావాలి.

1799లో పుట్టిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్ చందాలతో నడిచింది. డేవీ ఉపన్యాసాల రోజు బళ్ల రద్దీ తట్టుకోలేక ఆల్బెమార్ల్ వీధిని ఒకవైపు రాకపోకలకే పరిమితం చేశారంటారు. వినేవాళ్లు ఎక్కువగా సంపన్నులే. అయినా ఇవాళ ప్రపంచ విధానాలను కుదిపేస్తున్న సంగతి ఒకటి ఆ వేదిక మీదే పలికింది. 1859 జూన్ 10న జాన్ టిండాల్, ప్రిన్స్ ఆల్బర్ట్ అధ్యక్షతన, కొన్ని వాయువులు వేడిని తమలోంచి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయని చూపించాడు. భూమి వేడెక్కడం మీద జరిగే అంతర్జాతీయ బేరసారాలన్నిటి కిందా ఉన్న భౌతికశాస్త్రం అదే. అంతకు మూడేళ్ల ముందే అమెరికాలో యూనిస్ ఫుట్ అనే మహిళ, కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో మిగతా వాటికంటే ఎక్కువ వేడెక్కుతుందని ప్రయోగం చేసి రాసింది. 1856లో ఆల్బనీలో జరిగిన శాస్త్రవేత్తల సభలో ఆ పత్రాన్ని ఆమె బదులు జోసెఫ్ హెన్రీ చదివాడు. దాన్ని లోకం నూటయాభై ఏళ్లు మరిచిపోయింది. సభ తలుపు ఎవరికి తెరుచుకుంటుంది అన్న ప్రశ్న వినేవాళ్లకే కాదు, చెప్పేవాళ్లకూ వర్తిస్తుంది.

అమెరికాలో గ్రెషమ్ తరహా పని చేసినవాడు జాన్ లోవెల్ జూనియర్. బోస్టన్ నూలు మిల్లుల కుటుంబం వాడు. ఆ మిల్లులకు పత్తి పండించింది దక్షిణాది తోటల్లోని బానిసలన్న సంగతి కూడా చెప్పుకోవాలి. భార్యనూ పిల్లలనూ పోగొట్టుకుని దేశాలు పట్టి తిరిగాడు. ఈజిప్టులో జబ్బుపడి, లక్సర్ శిథిలాల మధ్య వీలునామా తిరగరాశాడు. 1836 మార్చిలో మన బొంబాయిలో కన్నుమూశాడు. ఆస్తిలో సగం బోస్టన్ ప్రజల ఉచిత ఉపన్యాసాలకు రాశాడు. ఆ డబ్బుతో భవనం కట్టకూడదన్నది అతని షరతు. శిలాఫలకాల మీద ఉన్న శ్రద్ధ లోపలి మాటల మీద లేని మన సంస్థలు ఆ ఒక్క షరతునూ ఫ్రేము కట్టి గోడకు తగిలించుకోవాలి. 1839 చివరి రోజున ఉపన్యాసాలు ప్రారంభమయ్యాయి. మరుసటి ఏడాది జనం తాకిడికి టికెట్లు పంచే పుస్తకాల దుకాణం కిటికీలు పగిలాయి. వాళ్లు ఎగబడ్డది బెంజమిన్ సిలిమన్ చెప్పే రసాయనశాస్త్రం వినడానికి!

ఆ గాలి కలకత్తాకు వచ్చింది. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ను మనసులో పెట్టుకుని, 1876లో బౌబజార్ వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌ను ప్రారంభించాడు. నిర్వహణ మొత్తం భారతీయుల చేతుల్లోనే ఉండాలని పట్టుబట్టాడు. ఫాదర్ లాఫోన్ లాంటివాళ్లు ప్రయోగాలు చేసి చూపిస్తూ అక్కడ ఉపన్యాసాలిచ్చారు. అనుకున్నంతమంది రాలేదని, దాతలు కదలలేదని సర్కార్ దిగులుతోనే 1904లో పోయాడు. మూడేళ్లకు అకౌంట్స్ శాఖ ఉద్యోగి సి.వి. రామన్ ఆ మెట్లెక్కాడు. మిగతా కథ 1930 నోబెల్‌దాకా అందరికీ తెలిసిందే. ఆయన దగ్గర పనిచేసిన కృష్ణా జిల్లావాడు సూరి భగవంతం తర్వాత దేశ రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. బెంగళూరులో స్థిరపడ్డాక రామన్ అక్టోబర్ 2న గాంధీ స్మారకోపన్యాసం ఇచ్చే ఆనవాయితీ పెట్టుకున్నారు. 1970లో, చనిపోవడానికి కొద్ది వారాల ముందు కూడా ఆ మాట తప్పలేదు.

తెలుగునాట ఈ పనికి చోటు ఇచ్చినవి పురమందిరాలూ, గ్రంథాలయాలూ. రాజమండ్రిలో వీరేశలింగం సభల కోసం టౌన్‌హాలు కట్టించారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన చంద్రికా మండలి వెలిశాయి. చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాలు కూడా తెలుగులో అందాలన్నది మండలి పట్టుదల. గ్రెషమ్ మధ్యాహ్నం ఉపన్యాసాల్లో ఉన్న ఆలోచనే ఇది. నలుగురూ కూడి వింటే ఏమవుతుందో పాలకులకు బాగా తెలుసు. అందుకే నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు, అనుమతి లేని సభలను నిషేధించింది.

కరెంటు విషయంలో మనవాళ్లు, నలుగురూ కూడి విని అడగాలన్న పాఠం చాలా బాధతో నేర్చుకున్నారు. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం తర్వాత చార్జీలు పెరిగాయి. 2000లో ఊరూరా ఆందోళన లేచింది. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది యూనిట్ ధర ఎలా కడతారు, ప్రైవేటు కంపెనీలతో కొనుగోలు ఒప్పందాల్లో ఏముంది అన్నవి ఇంజనీర్ల గదులు దాటి జనం నోళ్లలోకి వచ్చాయి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, ప్రజల సూచనలూ అభ్యంతరాలూ పరిశీలించాకే నియంత్రణ మండలి చార్జీలు ఖరారు చేయాలి. బహిరంగ విచారణలో రైతు లేచి నిలబడి కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) అధికారిని ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నకు పదును రావాలంటే ముందు ఎక్కడో విని ఉండాలి.

వినే అవకాశాలు ఇప్పుడు తక్కువేమీ కావు. గ్రెషమ్ కాలేజీ నేటికీ ఉచితంగానే నడుస్తోంది. పర్యావరణానికీ, కంప్యూటర్ సాంకేతికతకూ అక్కడ ప్రత్యేక ఆచార్య పీఠాలున్నాయి, వీడియోలు ఎవరైనా చూడవచ్చు. బెంగళూరులో ఐసీటీఎస్ అనే సైన్సు పరిశోధన సంస్థ వాళ్ల ‘కాపీ విత్ క్యూరియాసిటీ’ ఉపన్యాసాలకు టికెట్టు లేదు. కొరత మన జిల్లా కేంద్రాల్లో, మన భాషలో ఉంది. బ్యాటరీల గురించి, సౌర విద్యుత్ టెండర్ల గురించి, బొగ్గు దిగుమతుల గురించి తెలుగులో చెప్పే సాయంత్రాలు కావాలి. ప్రతి ఇంజనీరింగ్ కాలేజీకీ సెమినార్ హాలు ఉంది. నెలకొక సాయంత్రం దాని గేటు ఊరివాళ్లకు తెరవమని యాజమాన్యాలను అడుగుదాం. సభకు వెళ్తే ఇంకో ప్రశ్న కూడా వేయండి. ఈ సభ ఖర్చు ఎవరు పెడుతున్నారు? సోలార్ కంపెనీ డబ్బుతోనో, బొగ్గు కంపెనీ డబ్బుతోనో జరిగే ఉపన్యాసం తప్పని చెప్పను, ఆ సంగతి తెలిసి వినాలి. చార్జీల మీద బహిరంగ విచారణ తేదీలు పత్రికల్లో ప్రకటిస్తారు. ఈసారి ప్రకటన కనిపిస్తే కత్తిరించి దాచుకుని, ఆ రోజు వెళ్లి కూర్చోండి.