పులిని చూడకుండా గీసిన పులి

మంచు కురుస్తోంది. మంచు కప్పిన ఆకుల మధ్య నుంచి ఒక పులి పైకి సాగిపోతోంది. పరుగెత్తుతున్నట్లు లేదు, గాలిలో తేలుతున్నట్లుంది. ముఖంలో కోపం లేదు, చిన్న నవ్వులాంటిది ఉంది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1849లో పట్టుపై గీసిన బొమ్మ ఇది. పెద్ద సముద్రపు అల, దాని వెనుక చిన్నగా ఫ్యూజీ పర్వతం ఉన్న చిత్రాన్ని మీరు ఎక్కడో చూసే ఉంటారు. అది గీసినదీ ఆయనే.

పులి మంచులో ఉండటం కల్పన కాదు. మన అడవుల్లో మంచు పడదు గానీ, అమూర్ నది ప్రాంతంలో పులులు శీతాకాలమంతా మంచులోనే వేటాడతాయి. ఒకప్పుడు కొరియాలోనూ పులులు ఉండేవి. చిక్కల్లా జపాన్‌తోనే. కొరియాకూ జపాన్‌కూ మధ్య సముద్రం సుమారు 200 కిలోమీటర్లే. అయినా చరిత్ర కాలంలో జపాన్ అడవుల్లో పులులు లేవు. పోయి చూద్దామంటే, 1630ల నుంచి రెండు శతాబ్దాలకు పైగా జపానీయులు దేశం దాటడం నిషేధం.

మరి పులిని ఎలా గీశారు? చైనా, కొరియా చిత్రాలు చూసి గీశారు. కొరియా నుంచి కానుకలుగా వచ్చే పులి చర్మాలు చూసి గీశారు. చర్మం చూస్తే చారలు తెలుస్తాయి. కండలు, ఎముకల అమరిక తెలియవు. వాటి కోసం ఇంట్లో పిల్లిని చూశారు. ఇక్కడే ఒక తమాషా జరిగింది. వెలుతురులో పిల్లి కనుపాప నిలువు గీతలా సన్నబడుతుంది. పులి కనుపాప మాత్రం గుండ్రంగానే ఉంటుంది. ఆనాటి ఎన్నో జపాన్ పులులకు పిల్లి కళ్లే ఉన్నాయి! ఇంకొక పొరపాటు, చిరుతను ఆడపులి అనుకోవడం. 1615 నాటి నగోయా కోట భవనంలో పులులూ చిరుతలూ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి.

హొకుసాయ్ పులి కూడా జీవశాస్త్ర పరీక్షలో నెగ్గదు. ఒళ్లు మరీ సాగినట్లుంది, లోపల ఎముకలున్నాయా అనిపిస్తుంది. కానీ ఆ గోళ్లు చూడండి, ఆకుల కొసలు కూడా వాటిలాగే వాడిగా ఉన్నాయి. ఇది పులి గురించిన సమాచారం కోసం గీసింది కాదని నా అభిప్రాయం. బొమ్మపై ఆయన తన వయసు 90 అని రాసుకున్నాడు. పుట్టింది 1760లో కదా అని మీరు లెక్క వేయవచ్చు. ఆనాటి జపాన్‌లో పుట్టిన ఏడాదినే ఒకటిగా లెక్కించేవారు. నెల పేరు ‘పులి మాసం’. పన్నెండు జంతువుల చక్రం ప్రకారం చాంద్రమానపు మొదటి నెల అది. అంటే మంచు ఇంకా కరగని కొత్త సంవత్సరం. ముద్రలోని అక్షరానికి ‘నూరు’ అని అర్థం. నూరేళ్లు దాటితే తన గీత ఇంకా బాగుపడుతుందని 1834లోనే ఆయన రాసుకున్నాడు. 1849 మే 10న మరణించాడు.

ఇది గోడకు వేలాడదీసే చుట్టచిత్రం. జపాన్‌లో వీటిని కకెమోనో అంటారు. ఋతువుకు తగినదాన్ని వేలాడదీసి, ఋతువు మారగానే చుట్టి పెట్టెలో దాస్తారు. మాటిమాటికీ చుట్టినా పట్టు పగలకపోవడానికి కారణం జిగురు. పట్టు వెనుక కాగితపు పొరలను అంటించడానికి గోధుమ స్టార్చ్‌ను ఉడికించి, జాడీల్లో ఏళ్ల తరబడి, ఒక్కోసారి పదేళ్ల దాకా, మాగబెడతారు. అలా మాగిన జిగురు బలహీనంగా అంటుతుంది. కావలసింది అదే! చిత్రం మెత్తగా చుట్టుకుంటుంది. తరువాతి తరాల వారు పాత కాగితాన్ని తడిపి ఊడదీసి కొత్తది వేయగలుగుతారు.

హొకుసాయ్ పోయిన 11 ఏళ్లకు, 1860లో, ఆయన ఊరు ఎదోలో (నేటి టోక్యో) ‘పులి’ ప్రదర్శన పెట్టారు. జనం విరగబడి చూశారు. చిత్రకారులు దాన్ని రంగుల్లో అచ్చు వేసి, పైన పులి అని రాశారు. ఆ అచ్చుల్లోని జంతువు ఒంటి మీద చారలు లేవు, మచ్చలున్నాయి. అది చిరుత.