వెన్నెల తెరా, కోయ పడిగే

ఒక చిత్రకళా గ్రంథంలో జపాను మడత తెర బొమ్మను చూసినప్పుడు నన్ను మొదట పట్టుకున్నది దాని అందం కాదు, అందులోని ఖాళీ. ముసాషీనో మైదానం. నిలువెత్తు రెల్లు, ఆ రెల్లులోకి దిగిపోతున్న చంద్రుడు. ఆరేసి మడతల తెరలు రెండు కలిస్తే ఒక చిత్రం. పదిహేడవ శతాబ్దంలో ఇటువంటివి చాలా తయారైనాయి. అనేకంమీద చిత్రకారుడి పేరే లేదు. వెండితో అద్దిన చంద్రుడు కొన్నింటిలో నల్లబడిపోయాడు కూడా.

ఆ మైదానం నిజంగా అంత నిర్మానుష్యమా? 1603లో తొకుగావా ప్రభుత్వానికి పీఠమైన ఎదో నగరం, అంటే నేటి టోక్యో, దాని అంచునే వుంది. 1653లో నగరానికి నీరు తేవటానికి తామా నదినుంచి ఆ మైదానంగుండానే కాలువ తవ్వారు. తవ్విన కూలీలు తెరలో లేరు. రెల్లు కోసుకునే రైతులూ లేరు. కొండలేని మైదానంలో చంద్రుడు గడ్డిలోనే పుట్టి గడ్డిలోనే అస్తమిస్తాడన్నది పాత జపాను కవుల భావన. చిత్రకారుడు దాన్నే అనుసరించాడు. అయినా కలవారి గదిలో గాలికి అడ్డుపెట్టే ఆ వస్తువు మనిషికీ అడ్డుపడిందని నాకనిపిస్తుంది.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచున మనకూ మడిచి మోసుకుపోయే బొమ్మ వొకటుంది. అది కోయల పడిగె. త్రికోణాకారపు పొడవాటి గుడ్డ. దానినిండా ఆ వంశపు మూలపురుషులు, జంతువులు. ఇందులో ఖాళీ తక్కువ, జనం ఎక్కువ. డోలివారు దాన్ని విప్పి, డోలు కొట్టి, కథ పాడతారు. కప్పం కట్టలేని కోయలమీదికి కాకతీయ సేనలు రావటం, సమ్మక్క ఎదిరించటం వారి పాటల్లో వుంది. రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమికి మేడారంలో జాతర జరిగేది ఆ సమ్మక్కకే. శాసనాలు రాయించుకోలేనివారి చరిత్ర ఇది. మన పాఠ్యపుస్తకాలు దీన్ని పుక్కిటి పురాణమని తోసేసినంతకాలం కాకతీయుల చరిత్ర సగమే.

మణుగూరు మండలంలోని కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య యీ కథలను కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో మరణించారు. డోలివారికి జీవనాధారం ఆ వంశంవారి ఇళ్లలో జరిగే పెళ్లిళ్లూ, చావులూ, కొలుపులూ. 2014లో పోలవరం ముంపు పేరిట ఖమ్మం జిల్లానుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి మార్చిన ఏడు మండలాల గ్రామాలలో అటువంటి కోయ ఇళ్లు ఎన్నో వున్నాయి. ఊరు లేచి చెదిరితే డోలివాడు ఏ వాకిట్లో పడిగె విప్పాలి? గాజుపెట్టెలో పెట్టిన గుడ్డమీద బొమ్మలు మాత్రం కనిపిస్తాయి. ఏ బొమ్మ ఎవరిదో చెప్పేవాడు ఆ పెట్టెలో వుండడు.