ఒక గీతను సరిగ్గా కొలిస్తే

రేఖాగణితంలో మనం తొలినాళ్ళలో నేర్చుకున్న మాట ఇది: ఒక బిందువు నుంచి ఒక సరళరేఖకు ఎన్ని గీతలైనా గీయవచ్చు, వాటన్నిటిలో పొట్టిది లంబం. ఆ లంబం పొడవే దూరం. పరీక్షలో రెండు మార్కులు. ఇంజినీరుగా ముప్ఫై ఏళ్ళు నేల కొలిచాక చెబుతున్నాను, మన దేశపు పటం ఆ రెండు మార్కుల మీదే నిలబడి ఉంది. ఆ చరిత్రలో ఒక అధ్యాయం మన హైదరాబాద్‌లోనే నడిచింది.

లంబాన్నే ఎందుకు దూరం అన్నారు? ఏటవాలు గీతలు ఎన్నో ఉంటాయి, ఒక్కోటి ఒక్కో పొడవు. లంబం మాత్రం ఒక్కటే. ఇద్దరు వేర్వేరుగా కొలిచినా ఒకే అంకె రావాలంటే లంబమే దిక్కు. పొలం సర్వేలో జరిగేది ఇదే. పొలం మధ్య నుంచి గొలుసు పరిచి ఒక గీత వేస్తారు. గట్టు వంపు తిరిగిన ప్రతిచోట నుంచి ఆ గీతకు లంబ దూరం కొలిచి రాసుకుంటారు. ఆ అంకెలుంటే చాలు, హద్దురాయి కొట్టుకుపోయినా దాని చోటు మళ్ళీ దొరుకుతుంది. సర్వే గొలుసు 66 అడుగులు. మన గుంట 33 అడుగుల చదరం, అంటే సగం గొలుసు పొడవు, సగం గొలుసు వెడల్పు. అన్నదమ్ముల మధ్య తగాదా పడిన రెండు గుంటలు ఎవరివో చివరికి తేల్చేది ఆ లంబాలే.

గొలుసు వెళ్ళలేని చోట ఏం చేయాలి? మధ్యలో నది, అడవి, లోయ ఉంటే? అప్పుడు త్రిభుజం కావాలి. నేల మీద ఒక గీతను కొలిచి, దాని రెండు చివరల నుంచి దూరపు బిందువును చూసి కోణాలు తీస్తే, అక్కడికి నడవకుండానే దూరం తెలుస్తుంది. గీత 100 మీటర్లు, రెండు కోణాలూ 45 డిగ్రీలు అయితే లంబ దూరం 50 మీటర్లు. కానీ బిందువు దూరమైన కొద్దీ చిక్కు పెరుగుతుంది. అదే 100 మీటర్ల గీత నుంచి 2 కిలోమీటర్ల అవతలి గుట్టను చూస్తే కోణాలు రెండూ 88 డిగ్రీలు దాటుతాయి. రెండింటిలోనూ అర డిగ్రీ తక్కువ చదివామా, 2 కిలోమీటర్లు కాస్తా ఒకటిన్నర అయిపోతుంది. అందుకే గీత పొడవుగా ఉండాలి, కోణం తీసే పరికరం నిక్కచ్చిగా ఉండాలి.

విలియం లాంబ్టన్ ఈ రెండిటికోసమే జీవితం ధారపోశాడు. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గీత కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ళ గీతకు 57 రోజులు పట్టింది. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక 100 అడుగుల గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, నీడలో కొలిచాడు. కోణాలకు వాడిన థియోడొలైట్ బరువు అర టన్ను. దాన్ని మనుషులే కొండలెక్కించారు. అలా త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ ఉత్తరానికి వచ్చాడు. లెక్క తప్పిందేమో చూసుకోవడానికి మధ్యమధ్య కొత్త గీతలు కొలిచాడు. 1811లో గుత్తి దగ్గర ఒకటి, 1815లో బీదర్ దగ్గర ఒకటి.

1818లో ఈ పనికి మహా త్రికోణమితి సర్వే అని పేరొచ్చింది. ఆ ఏడాది చివర్లో ఓ యువ అధికారి హైదరాబాద్ వచ్చి లాంబ్టన్ దగ్గర చేరాడు. ఆయన పేరు జార్జ్ ఎవరెస్ట్. తర్వాత ఎత్తైన శిఖరానికి పెట్టింది ఆయన పేరే. 1819లో కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో త్రిభుజాలు వేయడానికి వెళ్ళాడు. వాన వెలిశాక గాలి తేటపడి దూరపు గుట్టలు బాగా కనిపిస్తాయి కనుక వర్షాకాలంలోనే పని. అదే జ్వరాల కాలం కూడా. ఎవరెస్ట్‌తో సహా శిబిరమంతా జ్వరాన పడింది. హైదరాబాద్ నుంచి డోలీలు, ఏనుగులు పంపి తీసుకురావాల్సి వచ్చింది. కొందరు తిరిగి రాలేదు. కోలుకోవడానికి ఎవరెస్ట్ సముద్రం దాటి గుడ్ హోప్ అగ్రం వెళ్ళాడు. గొలుసు పట్టిన కూలీలకు, జెండా మోసిన ఖలాసీలకు ఆ దారి లేదు. శిఖరానికి ఒక పేరు దక్కింది, వీళ్ళ పేర్లు పుస్తకాల్లోకి ఎక్కలేదు.

లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో, పని మీద ఉండగానే కన్నుమూశాడు. ఎవరెస్ట్ ఆ గొలుసుకట్టును హిమాలయాల దాకా నడిపించాడు. 1841లో ఆండ్రూ వా బీదర్ గీతను కొత్త పరికరాలతో మళ్ళీ కొలిచాడు. దాదాపు ఎనిమిది మైళ్ళ గీత. ఉత్తరం నుంచి వందల మైళ్ళ త్రిభుజాల మీదుగా లెక్కగట్టి తెచ్చిన పొడవుకూ, నేల మీద కొలిచిన పొడవుకూ తేడా అర అడుగు కూడా లేదు. జ్వరాల అడవుల్లో పోయిన ప్రాణాల ఖరీదు ఆ అర అడుగు లోపలే ఉంది.

ఇప్పుడు ఉప్పల్‌లో సర్వే శిక్షణ సంస్థ ఉంది, జేబులో ఫోన్ ఉంది. మీట నొక్కితే దూరం వస్తుంది. అది సరైనదో కాదో తెలుసుకోవాలంటే మాత్రం మళ్ళీ ఒక గీత, రెండు కోణాలే కావాలి. స్వర్ణోత్సవ సంవత్సరంలో మన బడి పిల్లలకు నాదొక మనవి. మైదానంలో 50 మీటర్ల గీతను టేపుతో రెండుసార్లు కొలవండి. రెండు చివరల నుంచి ఎదుటి చెట్టుకు కోణాలు తీయండి. లంబ దూరం కాగితం మీద కట్టి, ఆ తర్వాతే టేపు పట్టుకుని చెట్టు దగ్గరికి నడవండి. తేడా ఎంత వచ్చిందో బోర్డు మీద రాయండి. దాన్ని తగ్గించే పని వచ్చే ఏడాది తరగతికి అప్పగించండి.