వికటకవిని పైథాను ఎందుకు ఒప్పుకోదు?

పైథాను నేర్చుకొనేవారికి తొలివారాలలో తప్పక ఎదురయ్యే అభ్యాసం ఒకటి ఉన్నది. ఒక మాటను ముందునుంచి చదివినా వెనుకనుంచి చదివినా ఒకటిగానే ఉన్నదో లేదో తేల్చే ప్రోగ్రాము రాయమంటారు. పైథానులో ఇది ఒక్క వరుస పని: మాటను తిరగేసి, అసలు మాటతో పోల్చడమే. దీనికి మన పుస్తకాలలో ఇంగ్లీషు అక్షరాలతో రాసిన ‘మలయాళం’ను ఉదాహరణగా ఇవ్వడం పరిపాటి. (తెలుగులో రాసినా, సాక్షాత్తూ మలయాళ లిపిలోనే రాసినా ఆ మాట తిరగబడి నిలవదు. అది వేరే వినోదం.)

తెలుగు టైపు చేయడం తెలిసిన విద్యార్థి ఇక్కడ ఊరుకోడు. ‘నటన’ ఇచ్చి చూస్తాడు, ప్రోగ్రాము ఔనంటుంది. ‘జలజ’ ఇస్తాడు, ఔనంటుంది. ఆ ఉత్సాహంతో, తెనాలి రామకృష్ణునికి కాళికాదేవి ఇచ్చిందని చిన్ననాటినుంచి వింటూ వచ్చిన బిరుదు ‘వికటకవి’ని ఇస్తాడు. కాదంటుంది.

శంషాబాదు చుట్టుపక్కల, విమానాశ్రయానికీ అవుటర్ రింగు రోడ్డుకూ దగ్గరలో, ఇంజనీరింగు కళాశాలలు ఉన్నాయి. పల్లెల బడులలో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు, ఇంట్లో ప్రోగ్రాము అన్న మాట కూడా వినకుండా వచ్చినవారు, అటువంటి తరగతులలో ఉంటారు. వారిలో ఒకరు లేచి “వికటకవి ఎందుకు కాదు?” అని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం నేను పలుచోట్ల విన్నాను: తెలుగు కంప్యూటరుకు పడదు, ఇంగ్లీషు మాట ఇచ్చి చూడు. ప్రశ్న అంతటితో అణగిపోతుంది. లోపం తన భాషలో ఉన్నదన్న అభిప్రాయం మాత్రం ఆ విద్యార్థిలో మిగిలిపోతుంది. ఆ సమాధానం తప్పు. దానికి సరైన జవాబు చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పవలసి ఉంటుంది.

ముందు ఒక లెక్క. వికటకవిలో అక్షరాలెన్ని? బడిపిల్లవాణ్ణి అడిగితే 5 అంటాడు. వ్యాకరణం చదివినవారు వర్ణాలుగా విడదీసి వ్, ఇ, క్, అ, ట్, అ, క్, అ, వ్, ఇ అని 10 చూపిస్తారు. పైథానును అడిగితే 7 అంటుంది. అదే మాటను ఫైలులో దాచి ఎంత చోటు పట్టిందని చూస్తే 21 బైట్లు. నాలుగు లెక్కలూ సరైనవే. లెక్కించే వస్తువు వేరు, అంతే.

పైథాను చెప్పే 7 ఎక్కడనుంచి వచ్చింది? వ, గుడి, క, ట, క, వ, గుడి. గుణింతపు గుర్తు అయిన గుడి అక్కడ విడి వస్తువు. ఈ వరుసను తిరగేస్తే గుడి మొట్టమొదటికి వచ్చి ఆధారం లేక నిలబడుతుంది, రెండవ గుడి పోయి క మీద కూర్చుంటుంది. పైథాను ‘కాదు’ అన్నది ఈ వరుసను చూసి. దాని మట్టుకు అది నిజమే చెప్పింది.

గుడిని విడి వస్తువుగా చేసింది పైథాను కాదు. చరిత్ర ఇక్కడ ఆసక్తికరమైన మలుపు తిరుగుతుంది. 1991వ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. ఆ ఫిబ్రవరిలో, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సి.డబ్ల్యు.ఐ. అనే గణిత పరిశోధన సంస్థలో పనిచేస్తున్న గైడో వాన్ రోసమ్, 1989 క్రిస్మసు సెలవులలో మొదలుపెట్టిన తన భాషను తొలిసారి లోకానికి విడుదల చేశాడు. ఆ అక్టోబరులో యూనికోడు మొదటి సంపుటి వెలువడింది. తెలుగుకు అందులో చోటు దక్కింది. భారతీయ లిపులకు మన ప్రమాణాల సంస్థ ‘ఇస్కీ’ అనే సంకేత ప్రమాణాన్ని ఆమోదించినదీ ఆ సంవత్సరమే. యూనికోడువారు తెలుగుకు వేసిన అమరిక ఇస్కీ 1988 నాటి రూపాన్ని అనుసరించింది. హల్లు తన లోపల అకారాన్ని మోసుకొని ఉంటుంది. గుణింతపు గుర్తు దాని వెనుక వచ్చి ఆ అకారాన్ని తొలగిస్తుంది. పొల్లు వస్తే అచ్చే పోతుంది. మన వ్యాకరణం వర్ణాన్ని విడదీసింది, మన బడి అక్షరాన్ని కలిపే ఉంచింది. ఇస్కీ ఈ రెండింటికీ నడుమ, పలక మీద చేయి రాసే తీరుకు దగ్గరగా, మూడవ పద్ధతి పట్టింది. అన్ని భారతీయ లిపులకూ ఒకే పట్టిక సరిపోవాలన్న ఆలోచనకు ఇది చక్కగా కుదిరింది. నా దృష్టిలో అది తెలివైన నిర్ణయమే. కాని దాని ఫలితాన్ని ఎవరూ విద్యార్థికి చెప్పరు.

వాన్ రోసమ్ విషయానికి వస్తే, అతడు అంతకు ముందు పనిచేసినది ఏబీసీ అనే భాష మీద. అది కొత్తగా నేర్చుకొనేవారికోసం పుట్టిన భాష. పైథానులో వరుసల ఎడాన్ని బట్టి అర్థం నిర్ణయం కావడం (కొత్తవారందరూ మొదట విసుక్కొనేది దీనినే) ఏబీసీ నుంచి వచ్చిన వారసత్వం. 1999లో అతడు అందరికీ ప్రోగ్రాము రాయడం నేర్పాలన్న ఒక ప్రణాళికను అమెరికా రక్షణ పరిశోధన విభాగం ముందు పెట్టాడు. ఆ ‘అందరూ’ అన్న మాటలో అప్పటి పైథాను వరకు ఇరవై ఆరు అక్షరాలవారే ఉన్నారని మనం అనుకుంటే తప్పు లేదు. అన్నట్టు, పైథాను అన్న పేరుకు కొండచిలువతో సంబంధం లేదు; బీబీసీలో వచ్చిన ఒక హాస్యబృందం పేరది. విదూషకుల పేరు పెట్టుకొన్న భాష వికటకవిని కాదనడం చూసి రామకృష్ణుడు ఏమనేవాడో!

2000 అక్టోబరులో వచ్చిన పైథాను 2.0 యూనికోడును లోపలికి రానిచ్చింది, కాని పెరటి గుమ్మం గుండా. పాతరకపు మాట అంటే బైట్ల వరుస. యూనికోడు మాట కావాలంటే ముందు ప్రత్యేకంగా ‘యు’ అని తగిలించాలి. రెండింటినీ కలిపితే, వచ్చినవన్నీ ఇంగ్లీషు అక్షరాలే అన్న నమ్మకంతో పైథాను ముందుకు పోయేది. ఆ నమ్మకం చెడినప్పుడు ఒక దోషసూచన వచ్చేది: సున్నవ స్థానంలో ఉన్న ఫలానా బైటు నాకు అర్థం కాలేదు అని. ఆ బైటు విలువ తెలుగువారికి ఎప్పుడూ 224. యూటీఎఫ్-8లో తెలుగు వర్ణమాలలోని ప్రతి గుర్తూ మూడు బైట్లు. అందులో మొదటిది తప్పనిసరిగా 224. (హిందీకీ తమిళానికీ కూడా అదే.) తెలుగులో ఏ మాట ఇచ్చినా, ఏ పని చేయబోయినా, మొదటి అడుగులోనే 224 దగ్గర ఆగిపోవడం ఆ కాలపు అనుభవం. ‘యు’ తగిలించకుండా తిరగేస్తే వికటకవి సరే, అమాయకమైన ‘నటన’ కూడా నిలిచేది కాదు. తిరగబడేవి అక్షరాలు కావు, బైట్లు.

విండోసు ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చి, పద్మ పత్రికల ఖతులను యూనికోడులోకి మార్చి, 2006లో లేఖిని వచ్చి మనచేత టపాలు రాయించిన రోజులు అవి. తెరమీద తెలుగు కనబడడమే అప్పటికి పండుగ. తెవికీలో భాషాంతర లింకులు కలుపుతూ తిరిగిన బాట్లు పైథానులో రాసిన చట్రం మీద నడిచినవే.

ఆ తరువాత 2008 వచ్చింది. ఆ సంవత్సరం మార్చి 23 నుంచి శంషాబాదులో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పని ప్రారంభించింది. బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. బేగంపేటను మూయరాదని విమానాశ్రయాల ఉద్యోగులు సమ్మె చేశారు. ఊరి నడుమ ఉన్నదానిని విడిచి అంత దూరం ఎలా పోతామని నగరమంతా అడిగింది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పి.వి. నరసింహారావు పేరిట 11 కిలోమీటర్ల పైచిలుకు వంతెనదారి తెరుచుకొన్నది 2009 అక్టోబరులో. అంటే విమానాశ్రయం ముందు, దారి తరువాత. అయినా మార్పిడి ఒక్క రాత్రిలో ముగిసింది. మరునాడు బేగంపేటకు పోయి నిలబడితే విమానం దొరికేది కాదు.

అదే 2008లో, డిసెంబరు 3న, పైథాను 3.0 వెలువడింది. పాతదానితో పొసగదని తెలిసి, కావాలనే చేసిన మార్పు అది. మాట అంటే ఇక యూనికోడు మాటే; బైట్లు వేరే వస్తువు. 224 బెడద పోయింది. నటన నిలబడింది. చరరాశులకు ‘పేరు’, ‘వయసు’ అని తెలుగులోనే పేర్లు పెట్టుకొనే వీలు కలిగింది. ఇక్కడ కొత్తవారు అడిగే ఇంకో ప్రశ్న: ‘౨౦౦౮’ అని తెలుగు అంకెలతో ఇచ్చిన మాటను సంఖ్యగా మార్చమంటే పైథాను చక్కగా 2008 చేసి ఇస్తుంది, ప్రోగ్రాము మధ్యలో ఆ అంకెలనే నేరుగా రాస్తే మాత్రం ఒప్పుకోదు. చదివే సమాచారం వేరు, ప్రోగ్రాము రాతకు పెట్టుకొన్న నియమం వేరు.

అయితే పైథాను లోకం బేగంపేటను మూయలేదు. రెండు విమానాశ్రయాలూ పదకొండేళ్ళు నడిచాయి. 2015లో పాతదానికి స్వస్తి అన్నారు. 2014లో ఆ గడువును 2020కి పొడిగించారు. 2012లో వచ్చిన 3.3లో పాత ‘యు’ గుర్తును, అవసరం లేకపోయినా, తిరిగి రానిచ్చారు, పాత దారిన వచ్చేవారు కొత్త చోటికి చేరుకోవాలని. పాతది 2020 జనవరి 1తో ముగిసింది. ఈ పదకొండేళ్ళ భారం ఎక్కువగా మోసినది కొత్తవారు. జిరాక్సు నోట్సు పాతదానివి, కంప్యూటరులో ఉన్నది కొత్తది. పుస్తకంలో ఉన్నట్టే రాస్తే ప్రింటు దగ్గరే తప్పు చూపుతుంది. బ్రాకెట్లు పెట్టాలని ఎవరో చెప్పాలి. “పుస్తకంలో ఉన్నది ఎందుకు పనిచేయదు?” అన్న ప్రశ్న వెనుక ఇంత కథ ఉన్నది. ఏ పద్ధతి మేలని నన్ను అడిగితే, ఒక్క రాత్రి పద్ధతికే నా ఓటు. విమానాలకైతే ఆజ్ఞ ఇచ్చే అధికారం ఒకచోట ఉన్నది. ప్రోగ్రాములు రాసేవారికి అటువంటిది లేదు మరి.

ఇంకొక చిక్కు ఊరి పేరులోనే ఉన్నది. ‘శంషాబాద్‌లో’ అని మనం రాసినప్పుడు, ద్ కింద లావొత్తు పడకుండా నడుమ కంటికి కనబడని ఒక గుర్తును ఉంచుతాము. లేఖిని వాడినవారికి అది పరిచితమే. పైథాను దానినీ లెక్కిస్తుంది. అది పొరబాటున శంషాబాద్ చివర అంటుకొని ఉంటే, చూపుకు ఒకటే అయిన రెండు శంషాబాదులు సమానం కావని ప్రోగ్రాము చెబుతుంది; అభ్యాసకుడు గంటలు వెతుక్కొంటాడు. పొడవులు అడిగి చూడమంటే చాలు: ఒకటి 8, ఒకటి 9.

అక్షరం ఎక్కడ ముగుస్తుందన్న విషయంలో యూనికోడువారికే చాలాకాలం స్పష్టత లేదు. వారి పాత నియమం ప్రకారం ‘స్త్రీ’ అన్నది స్, త్, రీ అని మూడు ముక్కలు. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 కూర్పులో, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని విడదీయరాదని నియమం చేర్చారు. 1991 నుంచి లెక్కిస్తే ముప్పైరెండేళ్ళు. ఏ బడిపిల్లవాడిని అడిగినా ఒకటే అక్షరం అని చెప్పేవాడు.

కాబట్టి వికటకవి ప్రశ్న అడిగినవారికి నేనిచ్చే జవాబు ఇది. నీ ప్రోగ్రాము సంకేతాలను తిరగేసింది, నువ్వు అక్షరాలను తిరగేయాలి. ఖాళీ జాబితా ఒకటి తీసుకో. మాటలోని గుర్తులను ఒక్కొక్కటిగా చూడు. వచ్చినది గుణింతపు గుర్తో, సున్నో, విసర్గో, పొల్లో, ఆ కనబడని గుర్తో అయితే జాబితాలోని చివరి దానికి అతికించు. వచ్చినది హల్లయి, చివరిది పొల్లుతో ముగిసి ఉంటే, అది ఒత్తు, దానినీ అతికించు. మిగిలినవన్నీ కొత్త అక్షరాలుగా చేర్చు. పది పన్నెండు వరుసల పని. గుణింతాలు, ఒత్తులు దిద్దినవారికి ఇందులో తెలియనిది లేదు. జాబితాను తిరగేసి చూస్తే వికటకవి నిలుస్తాడు, కిటికి నిలుస్తుంది, స్త్రీ ఒక్కటవుతుంది, శంషాబాద్ నాలుగవుతుంది.

పద్యాలు రాసే మిత్రులు ఈ నాలుగుకు ఒప్పుకోరని తెలుసు. ఛందస్సులో పొల్లు ముందున్న అక్షరంతోనే కలిసిపోతుంది కదా. వారికోసం జాబితా పూర్తయ్యాక ఒక పని చేర్చాలి: పొల్లుతో గాని, పొల్లుతో పాటు ఆ కనబడని గుర్తుతో గాని ముగిసిన ముక్కను దాని ముందు ముక్కకు కలపాలి. అప్పుడు వికటకవి అయిదు లఘువులుగానే ఉంటాడు. శంషాబాద్ మూడు గురువులై మగణం అవుతుంది.