జానెట్ మెకెంజీ పాత్ర: ఉనా ఓ’కానర్ ఆఖరి సాక్ష్యం

బిల్లీ వైల్డర్ దర్శకత్వంలో 1957లో వెలువడిన ‘విట్‌నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్’ చిత్రంలో జానెట్ మెకెంజీ అనే ముసలి పనిమనిషి తెరపై కనిపించేది కొద్దిసేపే. అయినా ఉనా ఓ’కానర్‌కు అదే ఆఖరి సినిమా వేషం కావడం వల్లనూ, ఆ పాత్ర కథలో పుట్టి, నాటకంలో పెరిగి, తెర మీదికి చేరడం వల్లనూ దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోదగినవి.

ఈ చిత్రానికి మూలం ఆగథా క్రిస్టీ రాయగా 1925లో ఒక అమెరికన్ పత్రికలో అచ్చయిన చిన్న కథ. దానిని ఆమె స్వయంగా నాటకంగా మలిచి, ముగింపును మార్చగా, ఆ నాటకం 1953లో లండన్‌లోనూ, 1954 డిసెంబరులో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్వేలోనూ ప్రదర్శనకు వచ్చింది. బ్రాడ్వేలో జానెట్ వేషం వేసినవారు ఓ’కానరే. ఆ తొలి తారాగణంలో అదే పాత్రతో సినిమాలోకి వచ్చినవారు ఆమె ఒక్కరే.

1880లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో నటన నేర్చిన ఓ’కానర్, నోయెల్ కవర్డ్ నాటకం ‘కావల్కేడ్’లో పనిమనిషిగా నటించి, అదే పాత్రతో 1933లో హాలీవుడ్‌లో అడుగుపెట్టారు. ఆ ఏడాదే ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’లో, 1935లో ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో ఆమె పెట్టిన కీచుకేకలు ప్రేక్షకులకు బాగా గుర్తుండిపోయాయి. ఈ రెండో చిత్రంలో వధువుగా కనిపించిన ఎల్సా లాంచెస్టర్, 22 ఏళ్ల తరవాత వైల్డర్ చిత్రంలో నర్సుగా నటించారు.

జానెట్ ప్రాసిక్యూషన్, అంటే ప్రభుత్వం తరఫున నేరం మోపే పక్షం, పిలిచిన సాక్షి. హత్యకు గురైన యజమానురాలి గదిలో ఆ రాత్రి ముద్దాయి గొంతు విన్నానని ఆమె చెప్పగా, చార్లెస్ లాటన్ పోషించిన డిఫెన్స్ న్యాయవాది క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించే ఘట్టంలో, ఆ సాక్ష్యాన్ని రెండు వైపుల నుంచి దెబ్బతీస్తాడు. యజమానురాలు వీలునామా మార్చడంతో జానెట్‌కు రావలసిన సొమ్ము ముద్దాయి వైపు మళ్లిందని చూపి ఆమె కక్షను బయటపెట్టడం ఒకటి. గొంతు తగ్గించి ప్రశ్న వేసి, అది ఆమెకు వినపడలేదని కోర్టు ముందే రుజువు చేయడం రెండోది. ప్రభుత్వ వైద్య సేవ నుంచి వినికిడి యంత్రం కోసం దరఖాస్తు పెట్టుకొని ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉందన్న సంగతి కూడా అక్కడే తేలుతుంది.

హాస్యం కోసమే పెట్టినట్టు కనిపించే ఈ సన్నివేశం నిజానికి కథను ముందుకు నడిపే ఇరుసు. ఎందుకంటే జానెట్ మాట ఎంత సూటిగా, ఎంత పట్టుదలగా వినపడితే, అది కూలినప్పుడు ముద్దాయి నిర్దోషి అన్న నమ్మకం ప్రేక్షకుడిలో అంత గట్టిపడుతుంది. 77వ ఏట ఓ’కానర్ ఆ ముసలామెను కేవలం నవ్వుల పాలు చేయకుండా, విధేయతను, రోషాన్ని, గాయపడిన ఆత్మాభిమానాన్ని ఒకే గొంతులో పలికించారు. బ్రాడ్వే వేదికపై ఆ పాత్రతో సాగించిన సహవాసం ఇక్కడ ఫలించింది.

ఈ చిత్రం ఆరు విభాగాల్లో ఆస్కార్ ప్రతిపాదనలు అందుకోగా, నటనకు లాటన్, లాంచెస్టర్ల పేర్లు నిలిచాయి. ఓ’కానర్ పేరు ఆ జాబితాలో లేదు. 1959 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆమె కన్నుమూశారు. సహాయ పాత్ర విలువ నిడివిలో కాక, కథలో అది మోసే బరువులో ఉంటుందనడానికి జానెట్ మెకెంజీని మించిన ఉదాహరణలు అరుదు.